రాజ్యాంగాన్ని కాదనే క్రైస్తవులు: వాళ్ళ వాదనేంటి, నల్లగొండ పాలమూరు ఊళ్ళ నుంచి చూస్తే అది ఎంతవరకు నిలుస్తుంది

రెండు మూడేళ్ళుగా రాజ్యాంగం మాట వినపడని రోజు లేదు. 2024 పార్లమెంటు ఎన్నికల సభల్లో ఎర్ర అట్ట చిన్న పుస్తకం అందరి కళ్ళలో పడింది, అదే ఏడాది నవంబరు 26న రాజ్యాంగ ఆమోదానికి 75 ఏళ్ళు నిండాయి, అంబేద్కర్ విగ్రహం దగ్గర నిలబడి పీఠిక చదవడం ఊళ్ళలో మామూలైంది. ఇదే సమయంలో చర్చికి వెళ్ళే కుర్రాళ్ళ ఫోన్లలో ఇంకో రకం మాటలు తిరుగుతున్నాయి. నిజమైన విశ్వాసి ఓటు వేయకూడదట, ప్రభుత్వం అనేదే దేవుడు కోరనిదట, రాజ్యాంగం మీద ప్రమాణం చేస్తే అది కూడా విగ్రహారాధన కిందికే వస్తుందట. విన్నవాళ్ళలో కొందరు ఇదేదో కొత్త గుంపు అనుకుంటున్నారు, కొందరు దేశద్రోహం అనేస్తున్నారు, పాస్టర్లలో చాలామందికి ఏం జవాబు చెప్పాలో తెలియక టెన్షన్.

దీని వెనక దాదాపు ఐదు వందల ఏళ్ళ ఆలోచన ఉంది. అందులో ఒక పాయ నేరుగా మన నాగర్‌కర్నూలు, జడ్చర్ల దాకా వచ్చింది కూడా. ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయలేం అనే నేను అనుకుంటాను, అయితే వెట్టి చూసిన ఊళ్ళలో దీన్ని నిలబెట్టి అడిగితేనే దాని బలమూ బలహీనతా బయటపడతాయి.

## ముందు ఎవరు ఎవరో తేల్చుకుందాం

దీన్ని క్రైస్తవ అరాచకవాదం అంటారు. ఇక్కడ అరాచకవాదం అంటే బస్సులు తగలబెట్టడం, దుకాణాలు దోచుకోవడం కాదు. ఒక మనిషి ఇంకో మనిషి మీద బలంతో పెత్తనం చేసే ఏర్పాటు ఏదైనా, దానికి రాజు పేరున్నా పార్లమెంటు పేరున్నా, అది తప్పు అనే సిద్ధాంతం. మామూలు అరాచకవాదులు పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపాలో "దేవుడూ వద్దు, దొరా వద్దు" అన్నారు. క్రైస్తవ అరాచకవాదులు దాన్ని సగానికి విరిచారు. దేవుడు ఒక్కడే దొర కాబట్టి ఇంకే దొరా వద్దు అన్నారు.

వీళ్ళను ఇంకో రెండు గుంపులతో కలపకూడదు. ఒకటి, క్రైస్తవ రాజ్యం కావాలనేవాళ్ళు, అంటే బైబిలును చట్టం చేసి దాన్ని పోలీసులతో అమలు చేయించాలనుకునేవాళ్ళు. అది దీనికి పూర్తిగా ఎదురు, ఎందుకంటే వీళ్ళ గొడవంతా ఆ పోలీసు కర్రతోనే. రెండోది యెహోవా సాక్షులు. వాళ్ళు ఓటు వేయరు, జాతీయ గీతం పాడరు, కానీ చట్టానికి లోబడతారు, పన్ను కడతారు, ప్రభుత్వాన్ని తీసేయమని అడగరు.

## బైబిల్లో వాళ్ళు పట్టుకునే చోట్లు

సమూయేలు మొదటి గ్రంథం 8వ అధ్యాయం వీళ్ళకు పునాది. ఇశ్రాయేలీయులు అందరిలాగా మాకూ ఒక రాజు కావాలంటారు. వాళ్ళు తోసేసింది నిన్ను కాదు, నన్ను అని దేవుడు సమూయేలుతో చెప్తాడు. అప్పుడు సమూయేలు జనానికి ఒక లెక్క చెప్తాడు: మీ కొడుకులను తన రథాల ముందు పరుగెత్తిస్తాడు, మీ బిడ్డలను వంటకు పెట్టుకుంటాడు, మీ పొలాల్లో మంచివి తీసుకుని తన నౌకర్లకు ఇస్తాడు, ధాన్యంలో పదో వంతు లాక్కుంటాడు, చివరికి మీరంతా అతనికి దాసులవుతారు. మన గడీల సంగతులు పెద్దల నోట విన్నవాళ్ళు ఈ అధ్యాయాన్ని ఒకటికి రెండుసార్లు చదువుతారు.

న్యాయాధిపతులు 9లో యోతాము కథ ఇంకొకటి. చెట్లన్నీ కలిసి రాజు కోసం వెతికితే ఒలీవ వద్దంటుంది, అంజూరం వద్దంటుంది, ద్రాక్ష వద్దంటుంది, పనికొచ్చే కాయ కాసే ప్రతిదీ వద్దంటుంది, చివరికి ముండ్లపొద ఒప్పుకుంటుంది. ఇక సువార్తల్లో లూకా 4లో సాతాను లోక రాజ్యాలన్నీ చూపించి ఈ అధికారం నాకు అప్పగించబడింది, నీకిస్తాను అంటాడు, యేసు తీసుకోడు. ఫ్రెంచి ఆలోచనాపరుడు జాక్ ఎలుల్ ఇక్కడ ఒక సంగతి గమనించమంటాడు: అధికారం నీది కాదు అని యేసు సాతానుతో వాదించలేదు. వీటికి కొండమీది ప్రసంగాన్ని కలపండి, దుష్టుని ఎదిరింపవద్దు, ఎంతమాత్రం ఒట్టు పెట్టుకోవద్దు. అప్పుడు వీళ్ళ ప్రశ్న సూటిగా వస్తుంది. ఒక విశ్వాసి జడ్జిగా కూర్చుని ఇంకొకరిని జైలుకు ఎలా పంపుతాడు?

## పాలమూరు ఎం.బి. చర్చి వెనక ఉన్న కథ

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, గద్వాల వైపు ఎం.బి. చర్చి తెలియని ఊరు తక్కువ. మెన్నోనైట్ బ్రదరన్ అనే ఆ పేరులోని మెన్నోనైట్లు పదహారో శతాబ్దపు అనాబాప్టిస్టుల సంతతి, అంటే పసిపిల్లలకు కాదు, తెలిసి నమ్మినవాళ్ళకే బాప్తిస్మం ఇవ్వాలన్నవాళ్ళ సంతతి. 1527లో స్విట్జర్లాండులోని ష్లైట్‌హైమ్‌లో ఆ అనాబాప్టిస్టులు ఒక ఒప్పుకోలు రాసుకున్నారు. కత్తి పట్టడం, న్యాయాధికారిగా కూర్చోవడం, ప్రమాణం చేయడం, ఈ మూడూ క్రీస్తు శిష్యుడికి తగవు అన్నారు. దాన్ని రాయడంలో ముందున్న మైకేల్ సాట్లర్‌ను అదే ఏడాది చంపేశారు.

కత్తి పట్టం అన్నందుకు వాళ్ళు దేశం తర్వాత దేశం మారారు. రష్యా వాళ్ళకు సైనిక సేవ నుంచి మినహాయింపు ఇచ్చి చోటిచ్చింది, 1870లలో అందరికీ సైనిక సేవ తప్పనిసరి చేయబోతుంటే దాదాపు 18 వేల మంది ఉత్తర అమెరికాకు తరలిపోయారు. రష్యాలో ఉండిపోయిన మెన్నోనైట్ బ్రదరన్ నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1890 ప్రాంతంలో బాప్టిస్టు మిషన్‌తో కలిసి నల్లగొండ వచ్చారు. అమెరికా వెళ్ళిన శాఖ నుంచి 1899లో మిషనరీలు హైదరాబాద్ చేరి తర్వాత పాలమూరు జిల్లాలోకి వ్యాపించారు. జడ్చర్ల మిషన్ ఆసుపత్రి వాళ్ళదే.

అంటే ప్రభుత్వపు కత్తిని ముట్టనన్న క్రైస్తవంలోని పాత పాయల్లో ఒకటి మన దగ్గరే ఉంది. కానీ ఇక్కడి చర్చిల్లో ఆ బోధ పెద్దగా వినపడదు. దానికి ఒక కారణం నాకు కనిపిస్తుంది. మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు, కాబట్టి తుపాకి పట్టు లేదా జైలుకు పో అనే పరీక్ష ఇక్కడి విశ్వాసికి ఎప్పుడూ ఎదురు కాలేదు.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. అనాబాప్టిస్టులు ప్రభుత్వమే ఉండకూడదు అనలేదు. లోకాన్ని అదుపులో పెట్టడానికి కత్తిని దేవుడే అనుమతించాడు, మేము మాత్రం పట్టం అన్నారు. ఇంకో అడుగు వేసి ఎవరూ పట్టకూడదు అన్నవాడు రష్యన్ రచయిత టాల్‌స్టాయ్.

## గట్టు తగాదాతో టాల్‌స్టాయ్ వాదన

దేవుని రాజ్యం మనిషి లోపలే ఉందని చెప్పే టాల్‌స్టాయ్ పుస్తకాన్ని రష్యాలో నిషేధిస్తే 1894లో జర్మనీలో అచ్చయింది. 1901లో రష్యన్ ఆర్థడాక్స్ చర్చి ఆయన్ను వెలివేసింది. ఆ వాదన అర్థం కావాలంటే మన దగ్గరి ఉదాహరణ తీసుకుందాం.

దేవరకొండ దగ్గర ఇద్దరు రైతుల మధ్య గట్టు రెండు అడుగులు జరిగిందనుకోండి. మొదట పెద్దమనుషులు కూర్చుంటారు, తేలదు. సర్వేయర్ వస్తాడు, ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరుగుతారు, ధరణి పోయి భూభారతి వచ్చినా తిరుగుడు ఆగదు, చివరికి సివిల్ కోర్టు డిక్రీ ఇస్తుంది. ఓడిపోయినవాడు నేను జరగను అన్నాడు. జరిమానా వేశారు, కట్టను అన్నాడు. అప్పుడు ఎస్సై వస్తాడు. అతను అప్పటికీ కదలకపోతే?

టాల్‌స్టాయ్ అడిగేది ఈ చివరి ప్రశ్నే. మొదటి మెట్టు మీద కాగితం ఎంత మర్యాదగా ఉన్నా చివరి మెట్టు మీద లాఠీ ఉంటుంది, అది లేకపోతే ఆ కాగితాన్ని ఎవరూ లెక్క చేయరు. రాజ్యాంగం ఆ లాఠీని తీసేయలేదు, ఎవరు ఎప్పుడు ఎంత గట్టిగా కొట్టవచ్చో రాసిపెట్టింది. చెంప చూపమన్నవాడి శిష్యుడు ఈ ఏర్పాటులో ఏ మెట్టు మీద నిలబడినా చివరి మెట్టుకు బాధ్యుడే అంటాడు ఆయన. అపొస్తలుడైన పౌలు కూడా కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6లో విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కడం ఏంటి, దానికంటే అన్యాయం సహించడం మేలు కదా అని మందలిస్తాడు.

రాజ్యాంగం వైపు నిలబడేవాళ్ళు దీనికి అవును, అదే కదా రాజ్యాంగం చేసిన మేలు అంటారు. లాఠీ లోకంలో ఎలాగూ ఉంది. అది కండబలం ఉన్నవాడి చేతిలో ఉండాలా, లేక కారణం చూపించి, రాసి, పైకోర్టులో జవాబు చెప్పుకోవాల్సిన వాడి చేతిలో ఉండాలా? ఆ రెండు అడుగులు పోయినవాడు ఊరిలో బలం లేనివాడైతే, సహించు అనే సలహా ఎవరికి లాభమో ఆలోచించండి అంటారు.

రాజ్యాంగం మీద ఇంకో రకం అభ్యంతరం అమెరికాలో వచ్చింది. విలియం లాయిడ్ గారిసన్ బానిసత్వాన్ని ఎదిరించిన క్రైస్తవుడు. అమెరికా రాజ్యాంగం బానిసలను సీట్ల లెక్కలో ఐదింట మూడు వంతులుగా లెక్కపెట్టింది, పారిపోయిన బానిసను యజమానికి అప్పగించమంది. ఆయన దాన్ని మరణంతో చేసుకున్న నిబంధన అని పిలిచి 1854 జూలై 4న మసాచుసెట్స్‌లో జనం ముందు కాల్చేశాడు. ఎక్కువమంది ఒప్పుకుని రాసుకున్నంత మాత్రాన పాపం న్యాయం కాదు అనేది ఆయన మాట. టాల్‌స్టాయ్ తన పుస్తకం మొదట్లోనే గారిసన్ 1838 నాటి అహింసా ప్రకటనను అచ్చువేశాడు.

## సంతకం ఎవరు పెట్టారు? నిజాం ఫర్మానా సంగతి

అదే కాలపు అమెరికన్ లాయరు లైసాండర్ స్పూనర్ చర్చి మనిషి కాడు, కానీ ఆయన ప్రశ్నను వీళ్ళు తరచూ వాడుకుంటారు. రాజ్యాంగం ఒప్పందమైతే నేను సంతకం పెట్టలేదు, మా తాత పెట్టినా అది నన్ను కట్టేయదు.

ఈ ప్రశ్న మన జిల్లాల్లో మరీ పదునుగా ఉంటుంది. రాజ్యాంగ సభ మొదలైన 1946లో మనం నిజాం రాజ్యంలో ఉన్నాం. 1948 సెప్టెంబరు 17 తర్వాత మిలిటరీ గవర్నర్ పాలన. రాజ్యాంగ సభలో హైదరాబాద్ సంస్థానం నుంచి ప్రతినిధులు కూర్చోలేదు. 1949 నవంబరు 23న నిజాం ఒక ఫర్మానా ఇచ్చి భారత రాజ్యాంగమే హైదరాబాద్‌కూ వర్తిస్తుందన్నాడు. భారత ప్రజలమైన మేము అనే పీఠిక మన తాతలకు ఒక రాజు సంతకం ద్వారా వచ్చిందన్నమాట. క్రైస్తవ అరాచకవాది దీన్ని చూపించి ఇంతకంటే ఏం రుజువు కావాలి అంటాడు.

కానీ ఆ కథ అక్కడ ఆగలేదు. 1952లో మొదటిసారి అందరికీ ఓటు వచ్చింది. సాయుధ పోరాటంలో ముందున్న రావి నారాయణరెడ్డి, కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్నందువల్ల పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున నల్లగొండ నుంచి పోటీ చేసి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్ళారు. తుపాకులు పట్టి రాజ్యాన్ని ఎదిరించిన జనం అదే రాజ్యాంగం ఇచ్చిన ఓటును క్యూలో నిలబడి వాడుకున్నారు. తర్వాత ఇచ్చిన ఒప్పుకోలును ఒప్పుకోలుగా లెక్కపెట్టాలని నాకనిపిస్తుంది. ఓటు వేయనివాడి మీద కూడా ఆ చట్టం పడుతుంది కదా అనే మాటకు మాత్రం ఇది పూర్తి జవాబు కాదు.

## రోమా 13 చూపిస్తే ఏమంటారు

ఏ పాస్టరైనా ముందు తెరిచేది రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం. ప్రతివాడూ పై అధికారులకు లోబడి ఉండాలి, దేవుని వలన కలగని అధికారం లేదు. వాదన ఇక్కడితో ముగిసిందని చాలామంది అనుకుంటారు.

వీళ్ళు ముందు 12వ అధ్యాయం చదవమంటారు. కీడుకు ప్రతికీడు చేయవద్దు, పగ తీర్చుకోవద్దు అన్న వెంటనే 13 మొదలవుతుంది, కాబట్టి లోబడటం అంటే తిరగబడి చంపకపోవడం, చెప్పిందల్లా చేయడం కాదు అంటారు. పౌలు పలుమార్లు జైలుకెళ్ళాడు, రోమ్‌లోనే చంపబడ్డాడని చర్చి చరిత్ర. మనుషులకంటే దేవునికే లోబడాలని అపొస్తలుల కార్యములు 5లో పేతురు అధికారుల మొహం మీదే చెప్పాడు. ప్రకటన గ్రంథం 13లో రాజ్యాధికారం సముద్రంలోంచి లేచే క్రూరమృగంగా కనిపిస్తుంది. రెండు పదమూడులనూ పక్కపక్కన పెట్టి చదవాలని వాళ్ళ పట్టు.

అయినా రోమా 13 నాలుగో వచనంలో అధికారి ఖడ్గాన్ని ఊరికే ధరించలేదని, కీడు చేసేవాని మీద ఆగ్రహం చూపడానికి దేవుని పరిచారకుడని పౌలే రాశాడు. అగస్టీన్ నుంచి లూథర్ దాకా పెద్ద చర్చిలన్నీ నిలబడింది దీని మీదే. ఈ వచనం దగ్గర టాల్‌స్టాయ్ కంటే ష్లైట్‌హైమ్ వాళ్ళ చదువే నిజాయితీగా ఉందని నా అభిప్రాయం. ఆయన పౌలును పక్కకు పెట్టి యేసు మాటలను మాత్రమే పట్టుకున్నాడు.

## వెట్టి చూసిన ఊళ్ళు అడిగే ప్రశ్న

ఎం.బి., బాప్టిస్టు చర్చిల్లో ఎక్కువమంది మాదిగ, మాల కుటుంబాలవాళ్ళు. చాలా ఇళ్ళలో యేసు పటం ఉన్న గోడమీదే అంబేద్కర్ ఫొటో కూడా ఉంటుంది. వాళ్ళకు రాజ్యం వెనక్కి తగ్గితే స్వేచ్ఛ వస్తుందని చెప్పి చూడండి. తగ్గితే వచ్చేది దొర అంటారు.

అంబేద్కర్ ఈ మాటను రాజ్యాంగ సభలోనే అన్నారు. 1948 నవంబరు 4న, కొందరు మురిసిపోయే మన గ్రామం సంకుచితత్వానికి, మతతత్వానికి నిలయం తప్ప ఇంకేంటి అని అడిగారు. 1949 నవంబరు 25న ఇంకో అడుగు వేసి, రాజ్యాంగ మార్గాలు తెరుచుకున్నాక సత్యాగ్రహం, సహాయ నిరాకరణ కూడా వదిలేయాలని, అవి అరాచకానికి వ్యాకరణం లాంటివని హెచ్చరించారు. టాల్‌స్టాయ్ నుంచి గాంధీకి వచ్చిన దారికి ఇంత సూటి జవాబు ఇంకొకటి లేదు. 17వ అధికరణ అంటరానితనాన్ని, 23వ అధికరణ వెట్టిని నిషేధించాయి.

ఇక్కడ క్రైస్తవ అరాచకవాదికి ఒక జవాబు ఉంది, దాన్ని న్యాయంగా వినాలి. వెట్టి రాజ్యం లేనందువల్ల రాలేదు అంటాడు. దేశ్‌ముఖ్‌లు మొదట శిస్తు వసూలు చేసిన రాజ్యపు మనుషులే, నిజాం దివాను సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత ఆ పని పోయినా పరిహారంగా వతన్లు, అంటే తరతరాలకూ వచ్చే రాబడి, అందుకుంటూ, భూముల సర్వే అదనుగా వేల ఎకరాలు తమ పేరున రాయించుకున్నారు. పోలీసు పటేల్, మాలీ పటేల్, పట్వారీ అందరూ సర్కారు కొలువులే. వెట్టి వద్దని నిజాం ఫర్మానాలు వచ్చినా అమలు చేయాల్సినవాడే వెట్టి చేయించుకున్నాడు. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయింది విసునూరు దొర మనుషుల తూటాకు, ఆ దొరకు అండగా నిలిచింది రాజ్యమే.

చరిత్రగా ఇది నిజం. కానీ ఒక మాట మిగులుతుంది. టాల్‌స్టాయ్ చెంప చూపమన్నప్పుడు అది తన చెంప, ఆయన స్వయంగా జమీందారు. దొర కొట్టేది పక్క మనిషినైతే, వెట్టికి తీసుకుపోయేది వాళ్ళ బిడ్డనైతే, ఆపడానికి అడ్డం నిలబడినవాడి దగ్గర ప్రాణం తప్ప ఏమీ ఉండకూడదా? ఈ మూడో మనిషి ప్రశ్నకు అడ్డంగా నిలబడి దెబ్బ తినాలి, తిరిగి కొట్టకూడదు అనేదే వాళ్ళ జవాబు. అది ధైర్యం ఉన్న జవాబు, నేను కాదనను. అయితే ఆ ధైర్యం లేని ఊరంతటికీ అది రక్షణ ఇవ్వదు.

చట్టం రాయగానే రక్షణ వచ్చిందని కూడా అనుకోకూడదు. 23వ అధికరణ 1950 నుంచి ఉంది, వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది, ఆ మధ్యకాలంలోనూ ఆ తర్వాతా గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు కింద పాలమూరు లేబర్ దేశమంతా డ్యాముల దగ్గర కట్టుబడి పనిచేసింది.

## పోచంపల్లిలో చట్టం లేకుండా పంచిన భూమి

బలం వాడకుండా న్యాయం జరుగుతుందా అనే ప్రశ్నకు లోకం చూసిన పెద్ద ప్రయోగాల్లో ఒకటి అప్పటి నల్లగొండ జిల్లాలోనే జరిగింది. టాల్‌స్టాయ్‌ను చదివిన గాంధీ 1910లో జోహన్నెస్‌బర్గ్ దగ్గర టాల్‌స్టాయ్ ఫాం పెట్టాడు. గాంధీ శిష్యుడు వినోబా 1951 ఏప్రిల్ 18న పోచంపల్లి వచ్చినప్పుడు నలభై దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు ఇచ్చారు. ఆ తెలంగాణ యాత్ర ముగిసేసరికి దాదాపు 12 వేల ఎకరాలు దానంగా వచ్చాయి. పోలీసు లేడు, కోర్టు లేదు. పాలన అవసరం లేని సమాజమే వినోబా కోరుకున్నది కూడా.

కానీ చుట్టూ ఏం జరుగుతోందో చూడాలి. సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు, భూములు పోతాయనే భయం దొరల్లో ఉంది. 1949 ఆగస్టులో మిలిటరీ గవర్నర్ జాగీర్లు రద్దు చేశాడు, 1950లో కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది. మనసు మారి ఇచ్చిందెంత, భయపడి ఇచ్చిందెంత అని విడదీయడం కష్టం. దానం వచ్చిన భూమిని పంచి, పేరు మార్చి, కాపాడటానికి మళ్ళీ 1965లో భూదాన చట్టం కావాల్సి వచ్చింది. హైదరాబాద్ పెరిగి రంగారెడ్డి వైపు ధరలు లేచాక భూదాన భూముల మీద కోర్టు కేసులు పేరుకున్నాయి.

## ఇంతకీ వీళ్ళు రోజూ ఏం చేస్తారు

1933లో న్యూయార్క్‌లో కాథలిక్ వర్కర్ ఉద్యమం మొదలుపెట్టిన డొరొతీ డే ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం 1917లో జైలుకెళ్ళింది, హక్కు వచ్చాక జీవితంలో ఓటు వేయలేదు. యుద్ధానికి పోతుందని ఆదాయపు పన్ను కట్టలేదు. 1955లో అణుదాడి డ్రిల్లు రోజు అందరూ లోపలికి పరుగెత్తాల్సి ఉంటే పార్కులో కూర్చుని అరెస్టయింది. మిగతా కాలమంతా ఆకలైనవాళ్ళకు సూపు వండి పెట్టడం, ఇల్లు లేనివాళ్ళకు పడక ఇవ్వడం. దాడులు, బాంబులు ఈ పాయలో లేవు. ఓటు వేయకుండా ఇంట్లో ఫోను చూసుకుంటూ కూర్చోవడం కూడా లేదు. ఫోన్లలో తిరిగే వీడియోల్లో ఈ సగం చెప్పరు.

మన రాజ్యాంగం ఇలాంటివాళ్ళకు కొంత చోటు వదిలింది. మూడో షెడ్యూలులో ప్రమాణం దైవసాక్షిగా చేయవచ్చు, దేవుని పేరు లేకుండా ఆత్మసాక్షిగా మాట ఇవ్వవచ్చు. 1985లో కేరళలో ముగ్గురు యెహోవా సాక్షుల పిల్లలు జాతీయ గీతానికి లేచి నిలబడ్డారు కానీ పాడలేదు, బడి నుంచి తీసేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది, ఆ తీర్పు రాసింది మన తెలుగు జడ్జి ఓ. చిన్నపరెడ్డి. రాజ్యాంగం కంటే దేవుడి మాటే పైన అన్న పిల్లలను కాపాడింది అదే రాజ్యాంగంలోని 25వ అధికరణ.

అదే రాజ్యాంగం కింద 1950లో వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు క్రైస్తవులను ఎస్సీ జాబితా బయట ఉంచింది. మాదిగ కుటుంబంలో పుట్టి బాప్తిస్మం తీసుకున్నవాడు మన రాష్ట్రంలో బీసీ-సీ, రిజర్వేషను ఒక శాతం. ఊళ్ళో అతని వాడ మారదు, సర్టిఫికెట్ మారుతుంది. 2022 అక్టోబరులో కేంద్రం దీని మీద జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. నీ విశ్వాసమేంటో రాజ్యం అడిగి దాన్నిబట్టి నీ హక్కును కొలవకూడదు అనే టాల్‌స్టాయ్ వారసుల మాట, అంబేద్కర్ ఫొటో పెట్టుకున్న ఇంట్లో కూడా వినేది ఇక్కడే. ఆ ఇంటివాళ్ళు మాత్రం రాజ్యాంగం వద్దనరు, ఆ ఉత్తర్వును మార్చమంటూ ఆ రాజ్యాంగం పెట్టిన కోర్టుకే వెళ్తున్నారు.